విదేశీ కాపురాల్లో గృహహింస: ఉత్తర తెలంగాణ నుంచి ఒక సమీక్ష

విదేశంలో ఉద్యోగం చేసే వరుణ్ణి పెండ్లాడి దేశం దాటిన స్త్రీల మీద జరిగే హింస గురించి తెలుగులో ఇప్పటిదాకా వచ్చిన రాతలో అధిక భాగం ‘ఎన్నారై పెండ్లి మోసం’ అన్న చట్రంలోనే సాగింది. వరుడి ఉద్యోగం బూటకమని తేలడం, అతనికి అక్కడ ఇంకో సంసారం ఉండటం, కట్నం ముట్టిన తర్వాత వీసా సంగతే ఎత్తకపోవడం వంటి ఉదంతాలు ఈ చట్రానికి ముడిసరుకు కాగా, నివారణ కూడా దానికి తగినట్టే, సంబంధం ఖాయం చేసుకునే ముందు నాలుగు చోట్ల విచారించుకోవాలన్న హితవు దగ్గర ఆగిపోతుంది. ఇటువంటి మోసాలు జరుగుతున్న మాట నిజమే. అయితే వలస మీద వెలువడిన పరిశోధనలను, కోర్టు తీర్పులను, వివిధ దేశాల వీసా నిబంధనల చరిత్రను పక్కపక్కన పెట్టి చదివినప్పుడు, వరుడు చెప్పిన ఉద్యోగమూ జీతమూ చదువూ అన్నీ నిజమైన కాపురాల్లో కూడా హింస జరుగుతున్నదనీ, దానికి బలమిచ్చేది అతని అబద్ధం కన్నా భార్య నివాస హక్కును పూర్తిగా భర్త చేతిలో పెట్టే చట్టమేననీ తెలుస్తుంది. పెండ్లికి ముందు విచారణ ఎంత గట్టిగా చేసినా ఆ చట్టం మారదు గనుక, చర్చను మోసం మీద నుంచి పరాధీనత మీదికి మళ్లించవలసి ఉన్నది.

ఈ పరిశీలనకు పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు తగిన క్షేత్రం. 2016 అక్టోబర్ 11న జరిగిన పునర్వ్యవస్థీకరణలో మొదటిది ప్రధానంగా కరీంనగర్, జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల జిల్లాలుగా, రెండోది ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాల, కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లాలుగా విడిపోయినా, వలస దారులు పాతవే. 1970లలో చమురు ధరలు పెరిగిన తరువాత గల్ఫ్ దేశాలకు మొదలైన కూలి వలస ఒకటి కాగా, డాక్టర్లతో మొదలై 1990ల చివర ఇంజనీరింగ్ కళాశాలలు పెరిగాక సాఫ్ట్‌వేర్ ఉద్యోగులతో విస్తరించిన అమెరికా వలస రెండోది. 2011 జనాభా లెక్కల్లో వెయ్యి మంది పురుషులకు కరీంనగర్ జిల్లాలో 1,008 మంది, ఆదిలాబాద్ జిల్లాలో 1,001 మంది స్త్రీలు లెక్కకు రావడానికి మగవాళ్ల వలస కూడా ఒక కారణం. ఇక 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 18 నుంచి 49 ఏళ్ల మధ్య వయసున్న వివాహిత స్త్రీలలో 36.9 శాతం మంది భర్త చేతిలో హింసను ఎదుర్కొన్నవారే. దేశవ్యాప్త సగటు 29.3 శాతం. కాబట్టి హింస విమానం ఎక్కిన తర్వాతే పుడుతుందనుకోవడానికి వీల్లేదు; ఇక్కడ ఉన్నదే అక్కడికి వెళ్లి, అక్కడి చట్టం వల్ల మరింత బిగుసుకుంటుంది.

మనుషుల సంఖ్యలో గల్ఫ్ వలసే పెద్దదైనప్పటికీ ‘ఎన్నారై భార్య’ అన్న మాటలో గల్ఫ్ కార్మికుడి భార్య సాధారణంగా లెక్కకు రాదు. గల్ఫ్ దేశాల్లో కుటుంబ వీసా దొరకాలంటే భర్తకు నిర్ణీత స్థాయి జీతం ఉండాలన్న నియమం వల్ల, భవన నిర్మాణంలోనో క్లీనింగ్ కంపెనీలోనో పనిచేసే జగిత్యాల, నిర్మల్ పల్లెల మనిషి భార్యను తీసుకుపోలేడు. ఆమె ఊళ్లోనే బీడీలు చుట్టుకుంటూ, పొలం చూసుకుంటూ, అత్తగారింట్లో ఏళ్లకేళ్లు ఉండిపోతుంది. పంపే డబ్బు భార్య ఖాతాలో పడాలా తల్లి ఖాతాలో పడాలా అన్న తగాదా, ఫోను ఎత్తడం ఆలస్యమైతే మొదలయ్యే అనుమానం, దుబాయ్ పోవడానికి ఏజెంటుకు కట్టిన అప్పును కోడలి తల్లిగారింటి నుంచి రాబట్టాలన్న ఒత్తిడి, ఇవన్నీ గృహహింస చట్టం నిర్వచించిన మానసిక, ఆర్థిక హింస కిందికి వచ్చేవే. కొంచెం మెరుగైన జీతగాడు భార్యను వెంట తీసుకుపోయినప్పుడు, అక్కడి నివాస పత్రం, అంటే అఖామా, భర్త పూచీకత్తు మీదనే ఆమెకు దొరుకుతుంది. అతడు దాన్ని రద్దు చేయిస్తే ఆమె గల్ఫ్ కార్మికులు ‘ఖల్లివెల్లి’ అని పిలుచుకునే పత్రాలు లేని మనుషుల్లో కలిసిపోతుంది. సౌదీ అరేబియా 2013లో, ఐక్య అరబ్ ఎమిరేట్స్ 2019లో, కువైట్ 2020లో గృహహింస నుంచి రక్షణ కోసం చట్టాలు చేశాయి గానీ, పూచీకత్తు పద్ధతి మారనంత కాలం ఫిర్యాదు చేయడమంటే దేశం విడిచి రావడానికి సిద్ధపడటమే. తెలంగాణ ప్రభుత్వ గల్ఫ్ విధానంలో బాగా తెలిసిన అంశం అక్కడ మరణించిన కార్మికుడి కుటుంబానికి 5 లక్షల రూపాయల సహాయం. అంటే ఈ విధానానికి స్త్రీ భార్యగా కన్నా వితంతువుగానే ముందు కనిపిస్తుంది.

ఆదిలాబాద్ వైపు సమస్యకు మరో అంచు ఉన్నది. పెన్‌గంగ, ప్రాణహిత నదుల అవతలి మహారాష్ట్ర జిల్లాలతో వియ్యాలు ఈ ప్రాంతానికి కొత్త కావు. గోండు కుటుంబాలకు రెండు రాష్ట్రాల్లోనూ బంధువర్గం ఉంటుంది గనుక, తగవు వస్తే రాయి సెంటర్ అనే పెద్దల సభ ముందుకు తెచ్చే వీలుంటుంది. దీనికి పూర్తిగా భిన్నమైనది, పెండ్లి పేరుతో పేద ఆడపిల్లలను దళారులు మధ్యప్రదేశ్ వంటి దూర రాష్ట్రాలకు తీసుకుపోయి అమ్మిన ఉదంతాలు. అవి పోలీసు కేసుల్లోకి ఎక్కాయి. భాష రాని ఊళ్లో, బంధువు ఎవరూ లేని చోట, తిరిగి వచ్చే దారి తెలియని స్థితిలో ఆ పిల్ల ఎదుర్కొనే ఒంటరితనానికి పాస్‌పోర్టుతో నిమిత్తం లేదు. దేశ సరిహద్దు దాటిన కాపురాల మీద జరిగిన చర్చ ఈ పిల్లల దాకా రాలేదు.

అమెరికా సంబంధాల ఆర్థిక మూలాన్ని గట్టిగా పట్టుకున్న పుస్తకం చైనా మానవశాస్త్రవేత్త షియాంగ్ బియావ్ 2007లో ప్రచురించిన ‘గ్లోబల్ బాడీ షాపింగ్’. ఉద్యోగులను తమ పేరున నియమించుకుని ఇతర కంపెనీలకు అద్దెకిచ్చే కన్సల్టెన్సీల పద్ధతిని ‘బాడీ షాపింగ్’ అంటారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఈ పద్ధతిని పరిశీలించిన షియాంగ్, అబ్బాయిల ఇంజనీరింగ్ చదువులకూ విదేశీ ప్రయాణాలకూ పెట్టుబడి కట్నం రూపంలో ఆడపిల్లల ఇళ్ల నుంచి వస్తున్నదని చూపించాడు. ఆయన మాటను కరీంనగర్‌కు అన్వయిస్తే, ఎకరాలూ ప్లాట్లూ బంగారమూ లాంఛనాలూ ఆడబిడ్డ కట్నమూ కలిపి ముట్టజెప్పిన తండ్రి అల్లుడి వలసలో వాటాదారు అవుతాడు గానీ, ఆ వలస తెచ్చిన హక్కుల్లో మాత్రం కూతురికి సొంతంగా వాటా ఉండదు. కట్నం బాకీ పడిందన్న మాట డాలస్‌లోని అపార్ట్‌మెంటులో మొదలై హుజూరాబాద్‌లోని ఇంటికి ఫోనులో చేరడం ఈ లెక్కలో అసహజమేమీ కాదు.

అమెరికాలో హెచ్-1బి వీసా మీద పనిచేసే ఉద్యోగి జీవిత భాగస్వామికి ఇచ్చేది హెచ్-4 వీసా. దీన్ని ‘డిపెండెంట్ వీసా’ అనడం వాడుక. ఈ వీసా మీద ఉన్న స్త్రీకి స్వతహాగా ఉద్యోగం చేసే హక్కు లేదు. ఉద్యోగ అనుమతి లేనందున సోషల్ సెక్యూరిటీ నంబరు రాదు. ఆ నంబరు లేకపోతే అప్పు చరిత్ర ఏర్పడదు, సొంతంగా ఇల్లు అద్దెకు తీసుకోవడం కష్టమవుతుంది. వీసా పొడిగింపు భర్త హోదా మీద ఆధారపడి సాగుతుంది గనుక, దానికి కావలసిన కాగితాలు అతని కంపెనీ దగ్గరో లాయరు దగ్గరో ఉంటాయి. విడాకులు మంజూరైన నాడు ఆమె హోదా పోతుంది. భర్త ఉద్యోగం పోయినా గరిష్ఠంగా 60 రోజుల గడువు తర్వాత ఆమె హోదా కూడా పోతుంది. ఈ రెండో నిబంధనలోనే అసలు చిక్కు ఉన్నది: దెబ్బలు తిన్న స్త్రీ పోలీసులను పిలిస్తే భర్త అరెస్టు కావచ్చు, అరెస్టు అతని ఉద్యోగానికి ఎసరు పెట్టవచ్చు, ఉద్యోగం పోతే ఆమే అక్కడ ఉండలేదు. ఆమె మౌనాన్ని సంస్కారంగానో పిరికితనంగానో వర్ణించిన రచనలు ఈ లెక్కను చూడలేదు.

చట్టం చేసినవారి ఊహలో ఇది కొన్నేళ్ల తాత్కాలిక దశ. కానీ ఉద్యోగం ఆధారంగా ఇచ్చే గ్రీన్‌కార్డుల్లో, అంటే శాశ్వత నివాస పత్రాల్లో, ఏ ఒక్క దేశానికీ 7 శాతానికి మించి ఇవ్వరాదన్న పరిమితి వల్ల భారతీయుల వరుస సంవత్సరాల తరబడి పెరిగిపోయి, తాత్కాలికం కావలసిన పరాధీనత స్త్రీ యవ్వనమంతటినీ ఆక్రమించింది. 2015 మే 26 నుంచి, గ్రీన్‌కార్డు ప్రక్రియలో నిర్ణీత దశ దాటిన ఉద్యోగుల భార్యాభర్తలకు పని అనుమతి ఇవ్వడం మొదలైంది. లబ్ధి పొందినవారిలో పదింట తొమ్మిది వంతులకు పైగా భారతీయులు, వారిలో అత్యధికులు స్త్రీలు. ఇది పెద్ద ఊరటే. అయితే కొత్త కోడలికి, భర్త దరఖాస్తు ఆ దశకు చేరేదాకా, ఇది వర్తించదు. హింస ఎక్కువగా తలెత్తే తొలి సంవత్సరాలు ఈ వెసులుబాటుకు బయటే ఉండిపోతున్నాయి.

హింసకు గురైన వలస స్త్రీల కోసం అమెరికా చేసిన ఏర్పాట్లు కూడా భర్త హోదాను బట్టి మెట్లుమెట్లుగా ఉన్నాయి. 1994 నాటి ‘స్త్రీలపై హింస నిరోధక చట్టం’ కింద, భర్త అమెరికా పౌరుడో గ్రీన్‌కార్డుదారుడో అయితే భార్య అతని ప్రమేయం లేకుండా స్వయంగా నివాస హక్కుకు దరఖాస్తు చేసుకోవచ్చు. భర్త హెచ్-1బి మీద ఉంటే ఆ దారి మూసుకుపోతుంది. 2005 సవరణ ఇటువంటి భార్యలకు పని అనుమతి ఇవ్వాలని చెప్పినా, దాన్ని ఆచరణలోకి తెచ్చే ఉత్తర్వులకు పదేళ్లకు పైగా పట్టింది. పైగా అది పని చేసుకోనిస్తుందే గానీ నివాస హక్కును ప్రసాదించదు. మిగిలేది నేర బాధితులకు 2000 చట్టంతో వచ్చిన యు-వీసా. దానికి దర్యాప్తులో సహకరించినట్టు పోలీసుల ధ్రువీకరణ కావాలి, ఏడాదికి 10,000 మందికే ఇస్తారు, అందువల్ల నిరీక్షణ సంవత్సరాల్లో ఉంటుంది. కరీంనగర్ నుంచి వెళ్లిన వధువుల్లో చాలామంది కాపురం మొదలుపెట్టేది హెచ్-4 మీదే కాబట్టి, రక్షణ అతి తక్కువగా ఉన్న మెట్టు మీదనే వారు నిలబడి ఉన్నారు.

ఈ పరిస్థితిని పరిశోధకులు పట్టించుకోలేదనడానికి లేదు. మార్గరెట్ అబ్రహాం 2000లో ప్రచురించిన ‘స్పీకింగ్ ది అన్‌స్పీకబుల్’ అమెరికాలోని దక్షిణాసియా కుటుంబాల్లో హింసను విస్తారంగా చర్చించి, ఒంటరితనాన్ని హింసకు ఫలితంగానే కాక హింసా సాధనంగా కూడా చూడాలని వాదించింది. 2002లో సెసీలియా మెన్హీవార్, ఒలివియా సాల్సిడో రాసిన సమీక్ష వేర్వేరు దేశాల వలస స్త్రీల అనుభవాలను పోల్చి, భాష రాకపోవడం, బంధుబలం లేకపోవడం, చట్టపరమైన హోదా అనిశ్చితంగా ఉండటం అన్నిచోట్లా ఒకే విధంగా హింసకు తోడవుతాయని చూపింది. ఇంతకాలం ‘వారి సంస్కృతే అంత’ అన్న వివరణతో సరిపెట్టుకున్నవారికి ఇది గట్టి జవాబు. అమీ భట్ 2018లో రాసిన ‘హైటెక్ హౌస్‌వైవ్స్’ చదువుకున్న భారతీయ స్త్రీలు ఈ వలసలో ఇంటిపనికి ఎలా పరిమితమయ్యారో వివరించగా, పల్లవి బెనర్జీ 2022 నాటి పుస్తకం ‘ది ఆపర్చ్యూనిటీ ట్రాప్’ సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల భార్యలను మాత్రమే కాక, నర్సులుగా వెళ్లిన భారతీయ స్త్రీల మీద ఆధారపడిన భర్తలను కూడా పరిశీలించింది. పరాధీనత మగవాణ్ణి కూడా కుంగదీస్తుందని ఆమె పరిశోధనలో తేలింది. ఒకే వీసా ఇద్దరినీ పరాధీనులను చేసినా, కట్నమూ అత్తింటి పెత్తనమూ తోడయ్యేది కోడలి విషయంలోనే.

హింసలో చివరి అంకంగా తరచూ కనిపించేది వదిలిపెట్టడం. పండుగకో తమ్ముడి పెండ్లికో అని భార్యను వెంటబెట్టుకుని వచ్చి, తల్లిగారింట్లో దింపి, పాస్‌పోర్టు తన సంచిలో వేసుకుని భర్త ఒక్కడే తిరిగిపోతాడు. కొన్నాళ్లకు ఫోను ఎత్తడం మానేస్తాడు. ఆ తర్వాత విదేశీ కోర్టు నుంచి విడాకుల నోటీసు వస్తుంది. వీసా లేక ఆమె అక్కడి కోర్టుకు హాజరు కాలేదు, హాజరు కాలేదు గనుక తీర్పు ఏకపక్షంగా వెలువడుతుంది. సుందరి అనిత, అనుపమా రాయ్, హర్షిత యలమర్తి ఢిల్లీ, పంజాబ్, గుజరాత్‌లలో ఇటువంటి స్త్రీలతో మాట్లాడి, వదిలిపెట్టడాన్ని కాపురం చెడిపోవడంగా కాక గృహహింసలో ఒక రూపంగానే గుర్తించాలని వాదించారు. ఈ వాదనకు అనుకూలంగా చట్టంలో కదలిక వచ్చిన దేశం బ్రిటన్. 1979లో ఏర్పడిన సౌతాల్ బ్లాక్ సిస్టర్స్ వంటి సంఘాల దీర్ఘకాల పోరాటం వెనుక ఉండగా, విదేశంలో వదిలివేయబడిన భార్య తిరిగి బ్రిటన్‌లోకి ప్రవేశించడానికి అక్కడి నుంచే దరఖాస్తు చేసుకునే వీలు 2024 జనవరి 31 నుంచి వలస నిబంధనల్లో చేరింది. అమెరికాలో దీనికి సమానమైనది లేదు. కెనడా మాత్రం ఒక అడుగు వెనక్కి వేసి సర్దుకున్నది: భర్త పూచీ మీద వచ్చిన భార్య రెండేళ్లు కాపురం చేస్తేనే శాశ్వత నివాసం నిలుస్తుందని 2012లో పెట్టిన షరతును 2017లో ఎత్తివేసింది. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం 2018 సవరణతో కట్నం వేధింపును కుటుంబ హింసకు ఉదాహరణగా చట్టంలోనే పేర్కొన్నది.

భారతీయ చట్టం ఇటువైపు నుంచి చేయగలిగింది ఎంత అన్నది ఎక్కువ వివరం కోరే విషయం. భర్త, అతని బంధువుల క్రూరత్వాన్ని శిక్షించే 498ఎ సెక్షన్ 1983లో వచ్చింది; 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో భారతీయ న్యాయ సంహితలోని 85, 86 సెక్షన్లు ఉన్నాయి. అత్తింటి నుంచి వెళ్లగొట్టబడిన స్త్రీ తాను తలదాచుకున్న ఊళ్లోనే ఫిర్యాదు చేయవచ్చని సుప్రీంకోర్టు 2019 ఏప్రిల్‌లో తేల్చి చెప్పడంతో, న్యూజెర్సీలో జరిగిన వేధింపు మీద కరీంనగర్ మహిళా పోలీస్ స్టేషన్‌లో కేసు పెట్టడానికి అడ్డంకి చాలావరకు తొలగింది. అయినా నేరం పూర్తిగా విదేశంలో జరిగితే దాని మీద విచారణకు కేంద్ర ప్రభుత్వ ముందస్తు అనుమతి కావాలన్న నియమం మిగిలే ఉన్నది. ఈ నియమం పరిధిని తేల్చిన 2011 తీర్పు ఒంగోలులో 2005లో జరిగిన పెండ్లికి సంబంధించినది. కాపురం ఆఫ్రికాలోని బోట్స్వానాలో. దర్యాప్తుకు అనుమతి అక్కర్లేదు గానీ, కోర్టు కేసును స్వీకరించిన దశ దాటి విచారణ సాగాలంటే బోట్స్వానాలో జరిగిన క్రూరత్వానికి కేంద్రం అనుమతి తప్పదని, ఒంగోలులో కట్నం అడిగిన నేరానికి మాత్రం అవసరం లేదని సుప్రీంకోర్టు చెప్పింది. దీని పర్యవసానం గమనించదగినది: ఇక్కడ అడిగిన కట్నం సులువుగా కోర్టుకెక్కుతుంది, అక్కడ తిన్న దెబ్బలు ఫైలుగా మారి ఢిల్లీకి వెళతాయి. ఫిర్యాదులు కట్నం చుట్టూనే అల్లుకుని ఉండటానికి ఈ చట్టపు మలుపు కూడా ఒక కారణం కాగా, వాటిని చదివి ‘అంతా డబ్బు తగాదాయే’ అని తీర్మానించేవారు దీన్ని మరిచిపోతున్నారు.

విడాకుల విషయంలో కోర్టులు స్త్రీ పక్షాన ఇంకా ముందే నిలిచాయి. తిరుపతిలో 1975లో పెండ్లాడిన ఒక భర్త, అమెరికాలోని మిస్సోరీ రాష్ట్ర కోర్టులో, అక్కడ 90 రోజులు నివసించానన్న ఆధారం మీద 1980లో విడాకులు తెచ్చుకుని, 1981లో యాదగిరిగుట్టలో మరో పెండ్లి చేసుకున్నాడు. మొదటి భార్య ద్విభార్యత్వం కింద పెట్టిన కేసులో సుప్రీంకోర్టు 1991లో ఆ విడాకులను గుర్తించ నిరాకరిస్తూ, ఏ చట్టం ప్రకారం పెండ్లి జరిగిందో ఆ చట్టంలోని కారణాల మీద, ఆ చట్టం గుర్తించిన కోర్టు ఇచ్చిన విడాకులే ప్రధానంగా చెల్లుతాయని, భార్య నిజంగా అంగీకరించి హాజరైతే అది మినహాయింపు అని సూత్రీకరించింది. 1994లో మరో తీర్పులో ఇటువంటి పెండ్లిళ్లకు ప్రత్యేక చట్టం చేయాలని సూచించింది. ఆ చట్టం ఇంకా రాలేదు. 2019 ఫిబ్రవరిలో రాజ్యసభలో ప్రవేశపెట్టిన ప్రవాస భారతీయ వివాహాల నమోదు బిల్లు పెండ్లయిన 30 రోజుల్లో నమోదును తప్పనిసరి చేసి, సమన్లను వెబ్‌సైట్‌లో పెడితే అందినట్టే భావించాలని ప్రతిపాదించింది. లా కమిషన్ 2024 ఫిబ్రవరిలో ఇచ్చిన 287వ నివేదికలో మరింత సమగ్రమైన చట్టం కావాలన్నది. తెలుగు రాష్ట్రాల్లో వివాహ నమోదు 2002 చట్టంతోనే తప్పనిసరి అయినందున, ఈ బిల్లు కరీంనగర్ వధువుకు కొత్తగా ఇచ్చేది నమోదు కన్నా సమన్ల నిబంధన.

పిల్లలు ఉన్నచోట చిక్కు మరింత ముదురుతుంది. అమెరికాలో పుట్టిన బిడ్డ ఆ దేశ పౌరుడు. ఆ బిడ్డను తీసుకుని తల్లి జగిత్యాలకు వచ్చేస్తే, బిడ్డ గత ఆరు నెలలుగా నివసించిన రాష్ట్రపు కోర్టు తండ్రికి అనుకూలంగా ఉత్తర్వు ఇవ్వవచ్చు, ఆమె అక్కడి దృష్టిలో అపహరణ చేసినదానిగా మిగలవచ్చు. ఇటువంటి పిల్లలను వెనక్కి పంపాలనే 1980 నాటి హేగ్ ఒడంబడికలో భారతదేశం చేరలేదు. చేరాలన్న ఒత్తిడి వచ్చినప్పుడు, హింస నుంచి పారిపోయి వచ్చే తల్లుల పరిస్థితి ప్రధాన అభ్యంతరంగా ముందుకు వచ్చింది. 2018లో జస్టిస్ రాజేశ్ బిందల్ కమిటీ నివేదిక కూడా చేరికకు మొగ్గు చూపలేదు. సుప్రీంకోర్టు 2017లో విదేశీ ఉత్తర్వు కన్నా బిడ్డ సంక్షేమమే ముఖ్యమని పునరుద్ఘాటించింది. ఇది తల్లికి ఇక్కడ రక్షణే, కానీ ఆమె మళ్లీ అమెరికా గడ్డ మీద అడుగు పెట్టకుండా కూడా చేస్తుంది.

సంస్థల విషయానికి వస్తే, జాతీయ మహిళా కమిషన్‌లో ఎన్నారై విభాగం 2009 సెప్టెంబర్‌లో మొదలైంది. తెలంగాణ పోలీసు మహిళా భద్రతా విభాగం 2019లో ఇటువంటి ఫిర్యాదుల కోసం ప్రత్యేక విభాగాన్ని ప్రారంభించింది. అమెరికాలో న్యూజెర్సీలోని మానవి 1985 నుంచి, న్యూయార్క్‌లోని సఖి 1989 నుంచి, కాలిఫోర్నియాలోని మైత్రి 1991 నుంచి దక్షిణాసియా స్త్రీలకు ఆసరాగా ఉన్నాయి. ఇవి స్త్రీలే స్త్రీల కోసం పెట్టుకున్న చిన్న సంఘాలు. తెలుగువారి పెద్ద సాంస్కృతిక సంఘాల మహాసభల్లో పెండ్లి సంబంధాల వేదికకు దొరికినంత చోటు ఆ పెండ్లిళ్లలోని హింస మీద చర్చకు దొరకలేదన్నది కఠినమైన మాటే అయినా చెప్పక తప్పదు.

ప్రస్తుతం ప్రభుత్వాలూ బాధిత కుటుంబాలూ ఎక్కువగా ఆశ పెట్టుకున్న ఆయుధం భర్త పాస్‌పోర్టు జప్తు. కోర్టు సమన్లో వారంటో జారీ అయిన వ్యక్తి పాస్‌పోర్టును పాస్‌పోర్టు చట్టం 10(3) సెక్షన్ కింద అధికారులు స్వాధీనం చేసుకోవచ్చు. తల్లిగారింట్లో వదిలివేయబడిన స్త్రీకి ఇది పనికివచ్చే ఆయుధమే. పలుకని భర్తను మాట్లాడించే సాధనం ఆమెకు మరొకటి లేదు. కానీ ఇంకా అక్కడే, అదే ఇంట్లో, హెచ్-4 మీద ఉన్న స్త్రీ విషయంలో అదే జప్తు భర్త ఉద్యోగాన్నీ దాంతోపాటు ఆమె నివాసాన్నీ ఆమెకు రావలసిన మనోవర్తినీ ఒకేసారి దెబ్బతీయగలదు. ఇక్కడున్న తల్లిదండ్రులు కోపంతో తొందరపడి పెట్టే కేసు, అక్కడున్న కూతురు పని అనుమతికో యు-వీసాకో దరఖాస్తు చేసుకోవడానికి కావలసిన వ్యవధిని మింగేయవచ్చు. 2019 బిల్లుగానీ దాని చుట్టూ జరిగిన చర్చగానీ ఈ ఇద్దరు స్త్రీలను వేరు చేసి చూడలేదు. జిల్లా స్థాయిలో ఫిర్యాదు అందుకునే ప్రభుత్వ సఖి కేంద్రంలోనూ జిల్లా న్యాయ సేవాధికార సంస్థలోనూ మొదట అడగవలసిన ప్రశ్నలు ఆమె ప్రస్తుతం ఏ దేశంలో ఉన్నది, ఏ వీసా మీద ఉన్నది, పాస్‌పోర్టు ఎవరి దగ్గర ఉన్నది అన్నవి. కట్నం ఎంత ఇచ్చారన్నది ఆ తర్వాత.